తల్లి తన్నేసిన పిల్లను బతికించుకోవడం ఎలా?

సంక్రాంతి సెలవులకు మనం పెట్టెలు సర్దుకుని ఇళ్లకు చేరే సమయానికి మన ఊళ్లలో మేకలూ గొర్రెలూ ఈనుతూ ఉంటాయి. వానాకాలపు పచ్చిమేత తిని ఎదకు వచ్చినవి సుమారు 150 రోజులకు, అంటే సరిగ్గా చలి ముదిరే రోజుల్లో ఈనుతాయి. అటువంటప్పుడు ప్రతి దొడ్డిలోనూ ఒకటో రెండో పిల్లలు వేరుగా పడి ఉండటం మనలో చాలామంది చూసే ఉంటారు. తల్లి దగ్గరికి పోతే కొమ్ముతో నెడుతుంది, పొదుగు దగ్గరికి పోతే తన్నుతుంది. లేదా నెలలు నిండక ముందే పుట్టి లేచి నిలబడలేక వణుకుతూ ఉంటుంది. పెద్దవాళ్లు ఒకసారి చూసి, "ఉంటే ఉంటది, పోతే పోతది" అని గంప కింద మూస్తారు. తెల్లారేసరికి పోయేవే ఎక్కువ. వాటిలో చాలావాటిని మనమే బతికించుకోవచ్చునని చెప్పడానికే ఈ వ్యాసం.

2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో తెలంగాణ 1.91 కోట్లతో దేశంలోనే మొదటి స్థానంలోనూ, ఆంధ్రప్రదేశ్ 1.76 కోట్లతో రెండో స్థానంలోనూ నిలిచాయి. ఈ కోట్ల లెక్క పక్కన పెట్టినా, మన మెస్సులో ఒక వరుసలో కూర్చున్న వాళ్లను అడిగితే నాలుగైదు ఇళ్లలోనైనా జీవాలు ఉంటాయి. భూమి లేని ఇంటికి అవే ఆస్తి. మేము డిగ్రీ మొదటి సంవత్సరం పరీక్ష ఫీజు కట్టింది మా అమ్మ సంతలో అమ్మిన మేకపోతు డబ్బుతోనే. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్నది మేమే మొదలు. ఆ పట్టాలో ఆ పోతుకూ వాటా ఉంది. ఇప్పుడు ఎమ్మెస్సీలో జంతుశాస్త్రం చదువుతూ పుస్తకాల్లో తెలుసుకున్నదీ, మా అమ్మ చేతుల్లో చూసినదీ కలిపి ఇక్కడ రాస్తున్నాం.

మొదట, తల్లి తన పిల్లనే ఎందుకు తంతుంది? దానికి పాపపుణ్యాలూ దిష్టీ అంటగట్టే వాళ్లు ఉన్నారు. అసలు సంగతి వాసన. ఈనేటప్పుడు గర్భద్వారం సాగడంతో తల్లి మెదడులో ఆక్సిటోసిన్ అనే రసాయనం విడుదలవుతుంది. అప్పుడు కాసేపు తల్లికి ఉమ్మనీటి వాసన మీద విపరీతమైన ఇష్టం కలుగుతుంది. పిల్లను నాకుతుంది, ఆ నాకడంలోనే దాని వాసనను గుర్తుపెట్టుకుంటుంది. ఆ సమయం చాలా చిన్నది. 1964లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో పీటర్ క్లాప్‌ఫర్ బృందం మేకల మీద చేసిన ప్రయోగం పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. పుట్టగానే పిల్లను 5 నిమిషాలు తల్లి దగ్గర ఉంచి, తర్వాత గంటల పాటు వేరు చేసి తెచ్చినా తల్లులు దాదాపు అన్నీ చేరదీశాయి. ఆ 5 నిమిషాలు కూడా ఇవ్వకుండా గంటసేపు వేరు చేస్తే ఎక్కువ తల్లులు తన్నాయి. ఆ తర్వాత వచ్చిన పరిశోధకులు కొన్ని సవరణలు చెప్పినా, మొదటి ఘడియ విలువ మాత్రం తగ్గలేదు.

దీన్నిబట్టి మన దొడ్లలో జరిగేది అర్థం చేసుకోవచ్చు. మేక ఈనుతుందంటే వాడంతా చుట్టూ చేరతాం. పిల్ల పడగానే ఒకరు ఎత్తుకుని బట్టతో శుభ్రంగా తుడిచేస్తారు, ఇంకొకరు ఎండలోకి తీసుకుపోతారు. చేసేది ప్రేమతోనే. కానీ తల్లి నాకాల్సిన తడిని మనమే తుడిచేస్తున్నాం. ముక్కు, నోరు మాత్రం తుడిచి, మిగతా ఒళ్లు తల్లి ముందే పెట్టి పక్కకు జరగడం మంచిది. తొలిచూలు తల్లులు ఈ గందరగోళానికి ఎక్కువ బెదురుతాయి. ఇద్దరు ముగ్గురు పిల్లలు పుడితే ఒకదాన్ని నాకుతూ ఇంకొకదాన్ని మరిచిపోవడం కూడా ఉంది.

తన్నేది వాసన వల్లా, నొప్పి వల్లా అన్నది ముందుగా చూడాలి. పొదుగు వాపు ఉండి ముట్టుకుంటే వేడిగా, గట్టిగా ఉంటే తల్లికి పిల్ల మీద కోపం లేదు, నొప్పి ఉంది. డాక్టరు చేత వైద్యం చేయిస్తే అదే చేరదీస్తుంది. చన్ను రంధ్రానికి మైనంలాంటి బిరడా ఉండి పాలు రాకపోవడమూ జరుగుతుంది. రెండు ధారలు చేత్తో పిండితే ఊడిపోతుంది. ఇవేవీ కాకపోతే తల్లి తలను గుంజకు దగ్గరగా కట్టి రోజుకు నాలుగైదు సార్లు పిల్లకు పాలు తాగించాలి. తల్లి పాలు పిల్ల కడుపులో పడి దాని ఒంటి నుండీ పేడ నుండీ వచ్చే వాసన మారాక, రెండు మూడు రోజుల్లో చాలా తల్లులు మెత్తబడతాయి.

పిల్ల చనిపోయిన తల్లి మందలో ఉంటే అదృష్టమే. గొర్రెల కాపరులు చచ్చిన పిల్ల చర్మాన్ని తీసి అనాథ పిల్లకు చొక్కాలా తొడిగి ఆ తల్లి దగ్గర వదులుతారు. ప్రపంచంలో గొర్రెలున్న చాలా దేశాల్లో ఈ పద్ధతి ఉంది. చూడటానికి కాస్త కఠినంగా ఉంటుంది గాని ఇది శుద్ధమైన శాస్త్రం. తల్లి కళ్లతో కాదు, ముక్కుతో పోల్చుకుంటుందని వాళ్లకు ప్రయోగశాల లేకుండానే తెలుసు.

ఇవేవీ కుదరనప్పుడు పిల్ల మన చేతిలోకి వస్తుంది. ఇక్కడ చాలామంది చేసే మొదటి పని పాలు పట్టడం. అది రెండో పని కావాలి. మొదటి పని వెచ్చబెట్టడం.

అప్పుడే పుట్టిన పిల్ల ఒళ్లు మామూలుగా 102 నుండి 104 డిగ్రీల ఫారిన్‌హీట్ వేడి ఉంటుంది, అంటే మనకంటే ఎక్కువ. మందుల షాపులో దొరికే డిజిటల్ థర్మామీటరు ఆసనంలో పెట్టి చూడవచ్చు. అది లేకపోతే పిల్ల నోట్లో వేలు పెట్టండి. నోరు చల్లగా తగిలితే ప్రమాదం దగ్గర్లో ఉన్నట్టే. పిల్ల ఒంట్లో గోధుమరంగు కొవ్వు అనేది కొద్దిగా ఉంటుంది. అది కరుగుతూ మొదటి ఐదారు గంటలు వేడినిస్తుంది. ఆలోగా పాలు అందకపోతే పొయ్యిలో కట్టెలు అయిపోయినట్టే. ఒళ్లు చల్లబడిన పిల్లకు మింగే శక్తి ఉండదు, పేగులు కదలవు. అప్పుడు నోట్లో పోసిన పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చలికి చావాల్సిన పిల్ల కాస్త ముందుగా పాలతో చస్తుంది. మా వాడలోనే ఒకరింట్లో వెదురు గొట్టంతో పాలు పోయగానే పిల్ల మెడ వాల్చేసింది. పాలు అరగలేదని అందరూ అనుకున్నారు. పాలు కడుపు దాకా చేరనేలేదు.

కాబట్టి ముందు పొడి గోనెసంచితో ఒళ్లంతా గట్టిగా రుద్ది తడి లేకుండా చేయాలి. గడ్డి పరిచిన అట్టపెట్టెలోనో గంపలోనో ఉంచి, వేడినీళ్లు నింపిన సీసాలకు బట్ట చుట్టి రెండు పక్కలా పెట్టాలి. కరెంటు ఉంటే ఒక బల్బు పైనుండి వేలాడదీయవచ్చు, గడ్డికి తగలకుండా చూసుకోవాలి. కుంపటి దగ్గర పెట్టేవాళ్లు గది తలుపులు బిగించకూడదు. పొగ మనుషులకే ప్రమాదం. పిల్ల పుట్టి ఐదారు గంటలు దాటి, పాలు తాగకుండా, వేడి 99 డిగ్రీల కన్నా దిగిపోయి ఉంటే మాత్రం ఉత్త వెచ్చదనం చాలదు. ఒంట్లో చక్కెర అయిపోయి ఉంటుంది గనుక వేడెక్కే కొద్దీ మూర్ఛ వచ్చి చనిపోతుంది. అటువంటి దానికి పశువైద్యులు ముందు పొట్టలోకి గ్లూకోజు ఎక్కించి, తర్వాత వెచ్చబెడతారు. 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం సంగతి చెబుతారు. రాత్రిపూట మన ఊరికి వస్తుందా రాదా అన్నది వేరే విషయం.

పిల్ల నోరు వెచ్చబడి, వేలు పెడితే చీకడం మొదలుపెట్టిందంటే ఇక పాలు. అందులోనూ మొదట జున్నుపాలే. ఈ విషయం మీద కాస్త ఎక్కువ చెప్పాల్సి ఉంది.

మనిషి బిడ్డకు కడుపులో ఉండగానే మాయ ద్వారా తల్లి రక్తంలోని రోగ నిరోధకాలు కొన్ని అందుతాయి. మేకకు, గొర్రెకు, ఆవుకు, గేదెకు మాయ కట్టుబాటు వేరు. ఒక్కటి కూడా దాటి రాదు. అంటే మేకపిల్ల ఏ రక్షణా లేకుండా, దొడ్డిలోని పెంట మీదికి వచ్చి పడుతుంది. దానికి రావాల్సిన రక్షణ అంతా జున్నుపాలలో ఉంటుంది. పుట్టిన కొత్తలో పిల్ల పేగు గోడ ఆ నిరోధకాలను ముక్కలు చేయకుండా యథాతథంగా రక్తంలోకి వదులుతుంది. గంటలు గడిచే కొద్దీ ఆ తలుపు మూసుకుంటూ, 24 గంటలకు పూర్తిగా మూతపడుతుంది. మొదటి 6 గంటల్లో తాగినదే గట్టిది. రేపు తాగిద్దాంలే అంటే రేపటికి అవి మామూలు పాలే.

మన ఊళ్లలో మాయ పడేదాకా పిల్లను పొదుగు దగ్గరికి రానివ్వని ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. పాలు తాగనిస్తే మాయ లోపలే ఉండిపోతుందని వారి భయం. నిజానికి పిల్ల చీకుతుంటేనే ఆక్సిటోసిన్ విడుదలై గర్భసంచి ముడుచుకుంటుంది, మాయ పడటానికి అదే సాయం. ఇంకొందరు జున్నుపాలు తాగితే పిల్ల పారుతుందని పిండి పారబోస్తారు. ఆ పాలకు కొద్దిగా విరేచనం చేసే గుణం ఉన్నమాట నిజమే. పుట్టిన పిల్ల పేగుల్లో తారులాగా అంటుకుని ఉండే నల్ల పేడ బయటికి రావడానికి అది అవసరం కూడా.

మరి తల్లి దగ్గర లేకపోతే జున్నుపాలు ఎక్కడివి? తన్నే తల్లినే కట్టేసి పిండవచ్చు. తల్లి చచ్చిపోయి ఉంటే అదే రోజు ఈనిన మరో మేకవో గొర్రెవో, అవీ లేకపోతే ఆవువో గేదెవో అయినా పనికొస్తాయి. కానీ వాటిని కాయకూడదు. జున్నుపాలు పొయ్యి మీద పెడితే గడ్డకట్టి జున్ను అవుతుంది కదా, అలా గడ్డకట్టే మాంసకృత్తుల్లో ఈ నిరోధకాలే ముఖ్యమైనవి. బెల్లం, మిరియాలు వేసిన జున్ను మనకు రుచి. పిల్లకు మాత్రం అందులో రక్షణ మిగలదు. ఫ్రీజరు ఉన్నవారు ఎవరైనా దగ్గర్లో ఉంటే, పాడి గేదె ఈనినప్పుడు ఒక అర లీటరు అడిగి చిన్న చిన్న సీసాల్లో గడ్డకట్టించి దాచుకుంటే నెలల తరబడి ఉంటుంది. కావలసినప్పుడు చెయ్యి ఓర్చుకునే వేడినీళ్లలో సీసాను పెట్టి కరిగించాలి. జున్ను పంచిపెట్టే ఇల్లు ఒక సీసా పాలు ఇవ్వకపోదు.

ఎంత పట్టాలి అంటే, కిలో బరువుకు పూటకు 50 మి.లీ. చొప్పున లెక్క. రెండున్నర కిలోల పిల్లకు పూటకు 125 మి.లీ., చిన్న టీ గ్లాసుకు కాస్త ఎక్కువ. మొదటి రోజు నాలుగు సార్లు, అంటే మొత్తం అర లీటరు లోపలికి పోవాలి. మొదటిసారి పుట్టిన గంట రెండు గంటల్లోపే కావాలి.

పట్టే పద్ధతిలో ఒక చిన్న రహస్యం ఉంది. మేక పొట్టకు నాలుగు గదులని మనం తొమ్మిదో తరగతిలోనే చదువుకున్నాం. పిల్లకు మొదటి గది ఇంకా పని మొదలుపెట్టదు. పాలు నేరుగా నాలుగో గదికి చేరాలి. పిల్ల మెడ సాచి చీకుతున్నప్పుడు గొంతు చివర ఒక మడత కాలువలా మూసుకుని పాలను మొదటి గది తప్పించి తీసుకుపోతుంది. గొట్టంతోనో గరిటెతోనో పోస్తే ఆ కాలువ సరిగ్గా ఏర్పడదు, పాలు మొదటి గదిలో పడి పులుస్తాయి, పొట్ట ఉబ్బుతుంది. అందుకే పీక పెట్టిన సీసా వాడాలి. పసిబిడ్డలాగా ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టుకోవాలని మనకు అనిపిస్తుంది. అలా చేయకూడదు. పిల్ల తన నాలుగు కాళ్ల మీద నిలబడి ఉండాలి, సీసా దాని తల కన్నా కొంచెం పైన, తల్లి పొదుగు ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో ఉండాలి. పాలు మన మణికట్టు మీద వేస్తే వెచ్చగా తగలాలి. పీక రంధ్రం పెద్దది చేస్తే త్వరగా అయిపోతుందని చూడవద్దు. తాగేటప్పుడు ముక్కులోంచి పాలు వస్తే రంధ్రం పెద్దదైందని అర్థం.

రెండో రోజు నుండి మామూలు పాలు. గొర్రెపాలలో వెన్న దాదాపు 7 శాతం, గేదెపాలలోనూ అంతే. మేకపాలు, ఆవుపాలు పలుచన. కనుక గొర్రెపిల్లకు గేదెపాలు, మేకపిల్లకు మేకపాలు గాని ఆవుపాలు గాని సరిపోతాయి. నీళ్లు కలిపితే పొట్ట నిండుతుంది, బలం రాదు. రోజు మొత్తం మీద పిల్ల బరువులో ఆరో వంతు వరకు పట్టవచ్చు. మొదటి వారం నాలుగైదు సార్లుగా, తర్వాత మూడు సార్లుగా. ఆకలితో అరుస్తోంది కదా అని ఒకేసారి సీసాలకు సీసాలు పట్టడం జాలి కాదు. అతిగా తాగిన పిల్లల్లోనే పేగుల్లో విషం పుట్టించే చిటుకు రోగం పొంచి ఉంటుంది, రాత్రి గంతులేసిన పిల్ల పొద్దునకు ఉండదు. సీసా, పీక ప్రతిసారీ వేడినీళ్లతో కడగాలి. బొడ్డును పుట్టిన రోజే టింక్చర్ అయొడిన్‌లో ముంచాలి. లేకపోతే ఆ దారిన చీము కీళ్లకు చేరి మోకాళ్లు వాస్తాయి. తల్లి నాకే చోట, అంటే తోక కింద, గోరువెచ్చని తడిబట్టతో తుడుస్తూ ఉండాలి. పేడ ఎండి అంటుకుపోతే పిల్ల విసర్జించలేక చనిపోయిన సందర్భాలున్నాయి.

ఇక నెలలు నిండని పిల్లలు. వీటి వెంట్రుకలు పొట్టిగా, పట్టులా ఉంటాయి. గిట్టలు మెత్తగా, చెవులు వాలిపోయి ఉంటాయి. 145 రోజులు దాటితే చాలావరకు మామూలు పిల్లే. వారం పది రోజులు ముందైతే కష్టపడి నిలబెట్టుకోవచ్చు. చీకలేని వాటికి రెండు గంటలకొకసారి కొద్దికొద్దిగా, డాక్టరు గొట్టం వేసి చూపించిన పద్ధతిలోనే పట్టాలి. దాన్ని చూడకుండా ఎవరూ సొంతంగా ప్రయత్నించవద్దు. అంతకన్నా ముందు పుట్టినవి మన చేతుల్లో నిలవవు. కారణం ఊపిరితిత్తులు. గాలి గదులు ఒకదానికొకటి అంటుకుపోకుండా ఉంచే జిడ్డు పదార్థం గర్భం చివరి రోజుల్లో తయారవుతుంది.

ఇక్కడ మన పాఠకులకు తెలియాల్సిన ఒక చరిత్ర ఉంది. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో గ్రాహం లిగిన్స్ అనే ప్రసూతి వైద్యుడు, అసలు కాన్పు ఎలా మొదలవుతుందో కనిపెట్టాలని చూడి గొర్రెల మీద ప్రయోగాలు చేసేవాడు. ఒక స్టెరాయిడ్ మందు ఇచ్చినప్పుడు చాలా ముందుగా పుట్టిన గొర్రెపిల్ల ఒకటి, లెక్క ప్రకారం చనిపోయి ఉండాల్సింది, ఊపిరి తీస్తూ కనిపించింది. దాని ఊపిరితిత్తులు గాలితో తెరుచుకుని ఉన్నాయి. 1969లో ఆ సంగతి ప్రచురించాడు. పిల్లల వైద్యుడు రాస్ హోవీతో కలిసి నెలలు నిండకుండా కాన్పు వచ్చే ప్రమాదమున్న 282 మంది తల్లుల మీద పరీక్షించి 1972లో ఫలితాలు వెల్లడించాడు. ఈనాడు నెలలు నిండని కాన్పు వస్తుందనుకున్న తల్లికి ఆసుపత్రిలో ఇచ్చే ఇంజక్షను అదే కోవకు చెందినది. మన వాడల్లో ఏడో నెలలో పుట్టి బతికిన పిల్లల్లో కొందరి ఊపిరికి ఆ గొర్రెపిల్ల దారి చూపింది.

పిల్ల మొదటి వారం దాటిందంటే సగం గెలిచినట్టే. వారం వారం తూకం వేసి చూడండి. వారానికి అర కిలో పైన పెరుగుతుంటే దిగుల్లేదు. రెండో వారం నుండి లేత ఆకు, సుబాబుల్, అవిశ కట్టకట్టి అందేలా వేలాడదీయాలి. ఆకు నమిలితేనే మొదటి గది పని నేర్చుకుంటుంది. మంచినీళ్లు ఎప్పుడూ పక్కన ఉండాలి. రెండు నెలలు దాటి, మేత బాగా తింటున్నప్పుడు పాలు మెల్లగా తగ్గించి మాన్పించవచ్చు. సీసా పిల్లలు సీసా చప్పుడు వింటే చాలు, మెస్సు గంట విన్న మన తమ్ముళ్లలాగా తోసుకుంటూ వస్తాయి.

ఒక్క విషయం మరిచిపోకూడదు. ఇంట్లోనే మనుషుల మధ్య పెరిగిన పిల్ల తాను మేకనని సరిగ్గా నేర్చుకోదు. వీలైతే రెండు పిల్లలను కలిపి పెంచాలి, పగలు మంద పక్కనే కట్టేయాలి. ఆడపిల్ల అయితే మచ్చికతో మంచిదే. పిలిస్తే వస్తుంది, దాని వెనుక మంద వస్తుంది. మగదానితో జాగ్రత్త. చిన్నప్పుడు నుదుటి మీద చెయ్యి పెట్టి కుమ్మించుకోవడం పిల్లలకు సరదా. ఏడాది తిరిగేసరికి అదే పొట్టేలు మనిషంటే బెదురు లేక ముసలివాళ్లను పడేస్తుంది. మా అమ్మ సీసా పట్టి పెంచిన ఆడపిల్లలను మందకు ఉంచుకుని, మగవాటిని ఆరేడు నెలలకే సంతకు తోలేది. సంతకు తోలే రోజు మాత్రం తాను వెళ్లేది కాదు, మా నాన్నను పంపేది.